సభ పెట్టొద్దు, విండోస్ తీసేయొద్దు

కోయిలకుంట్లలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పని మొదలుపెడతామని ముందుకొచ్చే పిల్లలకు నా మొదటి సలహా, సభ పెట్టొద్దని. రెండోది, విండోస్‌తో పని నడుస్తున్న ఏ కంప్యూటర్‌లోంచీ దాన్ని తీసేయొద్దని. మూడోది, పని చేసినవాణ్ణి డబ్బు తీసుకోనివ్వమని. ఉద్యమంలో ఏళ్ళుగా ఉన్నవాళ్ళకు ఇవన్నీ తలకిందుల మాటలుగా వినిపిస్తాయి. సభ లేకుండా ప్రచారమేమిటి, విండోస్ ఉంచేశాక గెలిచిందేమిటి, డబ్బు పుచ్చుకునేవాడు కార్యకర్త ఎలా అవుతాడు అని అడుగుతారు. అయినా ఈ ఊరికి ఇవే పనికొస్తాయని నా గట్టి నమ్మకం.

సభ సంగతి ముందు. సెప్టెంబరులో మూడో శనివారం సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినం. 2004 నుంచి ప్రపంచమంతా జరుపుతున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ 2005లో మొదలై, ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలు కట్టి, తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా తయారుచేసింది. అక్కడ సభ పెడితే ఫలితం ఉంటుంది. హాల్లో విండోస్ బదులు లినక్స్ ఇన్‌స్టాల్ చేయించుకుని వెళ్ళిన కుర్రాడికి రాత్రి తెర నల్లబడితే హాస్టల్లో పక్క గదివాడు తలుపు తీస్తాడు. కోయిలకుంట్లలో సభకొచ్చినవాళ్ళు సాయంత్రానికి సంజామలకో, దొర్నిపాడుకో, ఉయ్యాలవాడకో వెళ్ళిపోతారు. మర్నాడు ప్రింటర్ కదలకపోతే అడగడానికి మనిషి ఉండడు. అప్పుడు వాళ్ళు మెకానిక్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ విండోస్ కొట్టించుకుంటారు. అంతటితో ఆగదు. "లినక్స్ పెడితే సిస్టమ్ పోయింది" అన్న మాట ఊళ్ళో పుడుతుంది. చిన్న ఊళ్ళో అలాంటి మాటకు ఆయుష్షు ఎక్కువ. ఆ తర్వాత మీరు ఎంత మంచి కరపత్రం వేసినా దాన్ని చెరపలేరు.

సీమలో రైతు బోరు మోటారు కొనేటప్పుడు కంపెనీ పేరు తర్వాత అడుగుతాడు. కాలిపోతే వైండింగ్ చేసేవాడు దగ్గర్లో ఉన్నాడా అన్నది ముందు చూసుకుంటాడు. కంప్యూటర్ విషయంలోనూ జనం అడిగేది అదే. "నువ్వు పెట్టిపోతావన్నా, రేప్పొద్దున ఆడకపోతే నేను యాడికి పోవాల?" ఈ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకున్నాకే ఊళ్ళో నోరు విప్పండి. ఆరు నెలలపాటు ప్రచారం ఊసే వద్దు. వారంలో ఒక రోజు, ఒకే సమయంలో, ఒకే షాపులో బెంచీ మీద కూర్చోండి. ఎవరు ఏ జబ్బుతో కంప్యూటర్ తెచ్చినా చూడండి. అది విండోస్ జబ్బైనా సరే, లినక్స్ పేరెత్తకుండా బాగుచేసి పంపండి. ఫలానా రోజు పోతే అక్కడ మనిషి ఉంటాడన్న నమ్మకం కుదిరితే, ఏ ఫ్లెక్సీ తేలేనంత పేరు దానంతటదే వస్తుంది.

ఆ షాపు ఎవరిదై ఉండాలి? ఇక్కడే నా మాట చాలామందికి మింగుడుపడదు. మూడొందలో ఐదొందలో పుచ్చుకుని దొంగ విండోస్ కొట్టే అబ్బాయిదే అయి ఉండాలి. మన కార్యకర్తలు అతన్ని పైరసీ మనిషని దూరం పెడతారు. ఊళ్ళో ఏ కంప్యూటర్ లోపల ఏముందో తెలిసినవాడు అతనొక్కడే. ఎవరి హార్డ్ డిస్క్ గరగరమంటోందో, ఏ స్కూల్లో సీపీయూలు దుమ్ముపట్టి మూలన పడున్నాయో, ఏ లాయరు గారు పాస్‌వర్డు మర్చిపోతుంటారో అతనికి తెలుసు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసినా ఎత్తుతాడు. మీరు పదిమంది కలిసి ఏడాదిలో కట్టలేని సహాయ కేంద్రాన్ని అతను ఒక్కడే ఇప్పటికే నడుపుతున్నాడు.

అతని భయం కూడా న్యాయమైనదే. "ఇది పెడితే వైరస్ రాదంటారు, ఆయప్ప మల్ల నా కాడికి రాడు గదన్నా, నాకేం మిగుల్తాది?" అంటాడు. అతని పొట్ట కొట్టి మనం ఉద్యమం నడపలేం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సులు పనికి, పంపిణీకి డబ్బు తీసుకోవడాన్ని ఎక్కడా కాదనవు. ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మనే 1985లో తాను రాసిన ఈమ్యాక్స్ ప్రోగ్రామును టేపుల మీద ఎక్కించి, ఒక్కోటి 150 డాలర్లకు అమ్మి బతికాడు. ఆ కథ అతనికి చెప్పండి. తర్వాత లెక్క చూపించండి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ బిగిస్తే కూలి, ఉన్న ఫైళ్ళు భద్రంగా ఎక్కిస్తే కూలి, ప్రింటర్ కలిపితే కూలి, ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసిపోతే దానికీ కూలి. ఫార్మాట్ కొట్టినప్పుడల్లా వచ్చే మూడొందల కంటే ఇది నిలకడైన ఆదాయం. పైగా క్రాక్ ఫైలు కోసం ఎక్కడెక్కడో వెతికి దించుకోనక్కర్లేదు. వాలంటీర్లు ఊరంతా తిరిగి ఉచితంగా ఇన్‌స్టాల్ చేస్తే జరిగేదేమిటంటే, అతని బేరం పోతుంది, మీకు సెలవులు అయిపోతాయి, ఊరికి ఇద్దరూ మిగలరు.

ఇక ధర గురించి మాట్లాడకండి. "లక్షలు పోసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది" అని మొదలుపెట్టే ఉపన్యాసం ఇక్కడ పారదు. కోయిలకుంట్లలో విండోస్‌కూ ఫోటోషాప్‌కూ దాదాపు ఎవరూ కంపెనీకి పైసా కట్టడం లేదు. వాళ్ళకు ఇప్పటికే ఉచితంగా ఉన్నదాన్ని ఉచితమని చెప్పి ఏం ఆశ పెడతారు? వాళ్ళను రోజూ పీడించేదేదో అది పట్టుకోండి.

జిరాక్స్ షాపులో అరగంట నిలబడితే ఆ పీడ ఏమిటో కనిపిస్తుంది. ఒక పిల్లవాడు పెన్‌డ్రైవ్ ఇస్తాడు. షాపాయన గుచ్చుతాడు. లోపల ఫైళ్ళన్నీ షార్ట్‌కట్‌లై కనిపిస్తాయి. నొక్కితే తెరుచుకోవు. పిల్లవాడి ముఖం పాలిపోతుంది, రేపు రికార్డు పెట్టాలి గనక. ఈలోగా ఆ వైరస్ షాపు కంప్యూటర్‌లోకి దిగి, తర్వాత వచ్చే ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అంటుకుంటుంది. నిజానికి ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. ఆ వైరస్ వాటికి దాపరికపు గుర్తు పెట్టి, వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు కూర్చోబెట్టిందంతే. అదే పెన్‌డ్రైవ్‌ను లినక్స్ యంత్రానికి గుచ్చండి. విండోస్ పెట్టిన దాపరికపు గుర్తును అది పట్టించుకోదు కాబట్టి అసలు ఫైళ్ళు అక్కడే కనిపిస్తాయి. విండోస్ కోసం రాసిన ఆ వైరస్ ఇక్కడ నడవదు. కాబట్టి షాపాయన మూలన పడేసిన పాత సిస్టమ్ ఒకటి అడిగి తీసుకుని, దానిలో డెబియన్ అనే లినక్స్ వేసి, ఖాతాదారుల పెన్‌డ్రైవ్‌లు తెరవడానికి మాత్రమే దాన్ని వాడమనండి. ప్రధాన యంత్రం జోలికి వెళ్ళొద్దు. "వైరస్ రాదు" అని మీరు ఒక్కసారి కూడా అనొద్దు. రెండు నెలల్లో షాపాయనే అంటాడు.

విండోస్ తీసేయొద్దనడానికి కారణం ప్రింటర్ దగ్గర మొదలవుతుంది. మన ఊళ్ళ షాపుల్లో ఎల్‌బీపీ 2900 అనే కెనన్ లేజర్ ప్రింటర్ చాలాచోట్ల కనిపిస్తుంది. మొండి యంత్రం, టోనర్ చవగ్గా నింపించుకోవచ్చు, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. అది మాట్లాడేది క్యాప్ట్ అనే కంపెనీ సొంత భాష. లినక్స్‌కు డ్రైవర్ ఉన్నా కొత్త వెర్షన్లలో దాన్ని నడిపించడం పెద్ద శ్రమ. అదే హెచ్‌పీ ప్రింటర్లైతే చాలావాటికి హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ చాలు, కొన్నింటికి అదనంగా ఒక ప్లగిన్ దించుకోవాలి. ఇది ముందే తెలుసుకోకుండా షాపు ప్రధాన యంత్రంలో విండోస్ తీసేశారనుకోండి. పరీక్షల ఫీజు కట్టే ఆఖరి రోజున బయట ఇరవైమంది నిలబడి ఉండగా ప్రింటర్ మొరాయిస్తుంది. ఆ షాపాయన మీ ముఖం ఇంకెప్పుడూ చూడడు. చూడకపోతే తప్పు కూడా లేదు.

అందుకే ఇంటికో షాపుకో వెళ్ళగానే కంప్యూటర్ వైపు చూడకండి, దానికి తగిలించిన తీగల వైపు చూడండి. ప్రింటర్ ఏది, స్కానర్ ఏది, వేలిముద్ర యంత్రం ఉందా, డిజిటల్ సంతకం టోకెన్ ఉందా, ఖాతాలు ట్యాలీలో రాస్తున్నారా. వేలిముద్ర యంత్రాలు చాలావాటికి విండోస్ డ్రైవర్ ఒక్కటే నమ్మకంగా పనిచేస్తుంది. ట్యాలీ విండోస్ కోసం చేసినది. ఇలాంటివి ఉన్నచోట "అన్నా, నీ పనికి ఇది ఇప్పుడు సరిపోదు" అని ఉన్నమాట చెప్పేయండి. అక్కడ విండోస్ మీదే లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ పెట్టి వచ్చేయండి. అవీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. దొంగ ఆఫీస్ తెరిచినప్పుడల్లా వచ్చే ఎర్ర హెచ్చరిక పోతే అతనికి అదే చాలు. వద్దని చెప్పిన మీ మాట నిజమని తేలాక, మరోచోట మీరు సరేనంటే నమ్ముతారు.

మారడానికి సిద్ధంగా ఉన్న యంత్రాలు ఊళ్ళో ఇప్పుడు చాలా ఉన్నాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు కంపెనీ ఇచ్చే మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే కనీసం ఎనిమిదో తరంది అయి ఉండాలి. పిల్లల చదువుకని నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో సెకండ్ హ్యాండులో కొన్న ల్యాప్‌టాప్‌లలో ఎన్నో ఆ గీత దాటవు. అవి పాడైనవి కావు. 4 జీబీ ర్యామ్, ఒక చిన్న ఎస్ఎస్‌డీ ఉంటే తేలికపాటి డెస్క్‌టాప్‌తో ఇంకో అయిదారేళ్ళు హాయిగా నడుస్తాయి. ఇలాంటిచోట ముందు ఎస్ఎస్‌డీ మార్పించండి, ఆ తర్వాతే లినక్స్. వేగం పెరిగింది ఎస్ఎస్‌డీ వల్లా లినక్స్ వల్లా అన్న చర్చ అనవసరం.

డీటీపీ షాపు గురించి కాస్త నిదానంగా చెప్పాలి. తెలుగు రాత ఈ ఊళ్ళో నిజంగా పుట్టేది అక్కడే. పెళ్ళి పత్రిక, దశదినకర్మ కార్డు, దేవర కరపత్రం, కోర్టు అర్జీ, బడి ప్రశ్నపత్రం అన్నీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషి వేళ్ళలోంచి వస్తాయి. ఆ వేళ్ళు ఇరవై ఏళ్ళుగా అనూ ఫాంట్లకు, పేజ్‌మేకర్‌కు, ఆపిల్ కీబోర్డు అమరికకు అలవాటుపడ్డాయి. అక్కడికి వెళ్ళి "యూనికోడ్‌కు మారండి, ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి, అది ప్రభుత్వ ప్రమాణం" అంటే "నా వేళ్ళు దీనికి పడినాయి సార్, ఇంగోటి నేర్చుకోవాలంటే నాతో గాదు" అని లేచిపోతాడు. ఇన్‌స్క్రిప్ట్ పేరే ఎత్తకండి. లినక్స్‌లో టైపింగు సాధనం ఐబస్‌తో వాడే ఎం17ఎన్ కీబోర్డు అమరికల్లో తెలుగుకు ఆపిల్ కూడా ఉంది. అదే వేళ్ళతో, అదే వేగంతో యూనికోడ్‌లో కొట్టొచ్చు. ఆ ఒక్క ముక్క చూపించడానికే మొదటి రోజు వెళ్ళండి. రెండు పంక్తులు అతన్నే కొట్టనివ్వండి. ఒత్తులు సరైనచోట పడటం అతని కళ్ళతో అతనే చూడాలి.

తర్వాత అతని పాత ఫైలు ఒకటి అడగండి. కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వర్ధంతి కరపత్రం లేని డీటీపీ షాపు ఉండదనుకుంటాను. 1846లో ఈ ఊరి ఖజానా మీద పడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న ఈ ఊళ్ళోనే ఉరితీశారు. ఏటా అదే మ్యాటరు, తేదీలు మాత్రం మారతాయి. అనూలో కొట్టిన ఆ ఫైల్లోంచి ఒక పేరా తీసి ఫోన్‌లో అతికించి చూపించండి. తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు, అర్థంలేని ఇంగ్లీషు గుర్తులే వస్తాయి. ఆ ఫైల్లో నిల్వ ఉన్నది తెలుగు అక్షరం కాదు, ఫాంటులోని ఆకారానికి గుర్తు మాత్రమే. ఇరవై ఏళ్ళ అతని పని ఎక్కడ వెతికినా దొరకదు, వాట్సాప్‌లో పంపితే చదవడానికి రాదు. అదే యూనికోడ్‌లో ఉంటే ఇప్పుడు కొట్టినది పదేళ్ళ తర్వాతా వెతికితే దొరుకుతుంది. పాతవాటిని మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కాకపోతే ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి, ప్రూఫు చదవాల్సిందే. ఒకప్పుడు దినపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటులో ఉంటే, వాటిని యూనికోడ్‌లో చూపడానికి వెన్న నాగార్జున పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు రాశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినవారూ ఆయనే. అలాంటివాళ్ళు వేసిన దారిలోనే ఈ రోజు మనం ఫోన్‌లో తెలుగు చదువుతున్నాం. ఆ దారి డీటీపీ షాపు గుమ్మం దాకా ఇంకా రాలేదు.

అందమైన అక్షరాలు లేవని అతను అంటాడు. అక్కడ మీరు ధైర్యంగా ఉండొచ్చు. తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు ఉన్నాయి. మండలి, రామభద్ర, ధూర్జటి, తిమ్మన, పెద్దన, సూరన్న, గిడుగు, సురవరం, ఎన్టీఆర్ వంటివి ఎవరైనా వాడుకునేలా స్వేచ్ఛా లైసెన్సులో వచ్చాయి. డెబియన్‌లో వాటిని ఒకే ప్యాకేజీగా దించుకోవచ్చు. పేజీ కట్టడానికి స్క్రైబస్ ఉంది, 1.6 వెర్షన్ తెలుగు ఒత్తులను సరిగ్గా చూపిస్తుంది, ప్రెస్సుకు కావలసిన పీడీఎఫ్ తీస్తుంది. ఫ్లెక్సీ మాత్రం వదిలేయండి. ఫ్లెక్సీ పనంతా చేతులు మారే ఫోటోషాప్ నమూనాల మీద నడుస్తుంది. వాటిని గింప్‌లో తెరిస్తే పొరలు చెదురుతాయి. పెళ్ళి పత్రికతో మొదలుపెట్టి కరపత్రం దాకా వెళ్ళండి, ఆ పైన అతనిష్టం.

బడి విషయంలో అందరూ పిల్లలతో మొదలుపెడతారు. నేను టీచర్లతో మొదలుపెట్టమంటాను. కేరళలో 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే పథకం మొదలై, కొన్నేళ్ళలోనే సర్కారు బడుల కంప్యూటర్లు గ్నూ/లినక్స్‌కు మారాయి. 2017 నుంచి ఆ పనిని కైట్ అనే ప్రభుత్వ సంస్థ చూస్తోంది. అది నిలిచింది ఎందుకంటే తోటి టీచర్లకు నేర్పింది టీచర్లే. ల్యాబు పాడైతే బయటివాడి కోసం చూడలేదు. మన హైస్కూలు సార్‌కు ఏం కావాలో అడగండి. ప్రశ్నపత్రం కావాలి, దానికోసం డీటీపీ షాపుకు పేజీకి ఇంత అని కడుతున్నారు. ఫోన్‌లో నోటితో చెప్పి తెలుగులో రాయించి, దాన్ని లిబ్రెఆఫీస్‌లోకి తెచ్చి, గణితం గుర్తులు చేర్చి, పత్రం సొంతంగా తీయడం ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తుంది. ఫోన్‌లోని ఆ వాయిస్ టైపింగు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదని కొందరు అభ్యంతరం చెబుతారు. చెప్పనివ్వండి. సార్ చేతిలో ఫైలు తయారైతే మిగతా మాట ఆయనతోనే మాట్లాడొచ్చు. పై ఆఫీసుకు పంపేవి మాత్రం పీడీఎఫ్‌గా పంపమని గట్టిగా చెప్పండి. లేకపోతే అక్కడి విండోస్‌లో గౌతమి ఫాంటులో తెరుచుకుని వరుసలు కదిలిపోతాయి, నెపం లిబ్రెఆఫీస్ మీదికి వస్తుంది.

ఏ లినక్స్ అన్న తగాదా ఊళ్ళోకి తేవద్దు. ఉబుంటు, మింట్, ఫెడోరా మంచిచెడ్డలు మీ గదిలో తేల్చుకోండి. ఊరికంతా ఒక్కటే, అయిదేళ్ళు కదలనిది ఒకటి పెట్టండి. అందరి తెరా ఒకేలా ఉంటే పక్క షాపువాడే పక్క షాపువాడికి చెబుతాడు. ప్యాకేజీలన్నీ ఒక బయటి హార్డ్ డిస్క్‌లో దించి మెకానిక్ దగ్గర ఉంచండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద అప్‌డేట్లు దించమంటే డేటా ఒక్క పూటలో అయిపోతుంది. వేసవిలో కరెంటు పోయి వచ్చే ఊరు కనుక యూపీఎస్ బ్యాటరీ చూడకుండా ఏ యంత్రాన్నీ మార్చకండి. ఇన్‌స్టాల్ సగంలో కరెంటు పోతే ఆ పాపం మీకే చుట్టుకుంటుంది.

ఇక మీ సంగతి. మీలో సగం మంది రెండేళ్ళలో బెంగళూరుకో హైదరాబాదుకో ఉద్యోగానికి వెళ్ళిపోతారు, వెళ్ళాలి కూడా. అందుకని మొదటి రోజు నుంచే ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. ప్రతి యంత్రానికీ ఒక పేజీ: ఎవరిది, ఏ ఊరు, ఏ ప్రింటర్, ఎంత ర్యామ్, ఎప్పుడు ఏం చేశాం, ఏది కుదర్లేదు. పాస్‌వర్డులు మాత్రం రాయకండి. కుదరనివి పెద్ద అక్షరాలతో రాయండి, తర్వాత వచ్చేవాడికి ఎక్కువ పనికొచ్చేవి అవే. ఆ పుస్తకాన్ని ఊరు వదిలేటప్పుడు కాదు, మొదటి నెలలోనే మెకానిక్ షాపులో పెట్టండి. మీరు చేసే ప్రతి ఇన్‌స్టాల్‌లోనూ సగం అతని చేత చేయించండి. ఆరు నెలలు తిరిగాక ఒక వారం మీరెవరూ షాపుకు వెళ్ళకుండా చూడండి. ఆ వారంలో వచ్చిన యంత్రాలను అతనొక్కడే నిలబెట్టగలిగితే అప్పుడు సభ పెట్టండి, మాట్లాడమని అతన్నే పిలవండి.